అర సెకను హత్య

మంగళవారం పొద్దున పదకొండూ ఇరవైకి విదేశాంగ శాఖ దుబాసీ ఒకాయన ఆపరేషన్ బల్ల మీద చనిపోయాడు. కత్తి పట్టుకున్న సర్జన్ రాజధానిలో ఉన్నాడు. దుబాసీ మూడు వందల కిలోమీటర్ల అవతల, ఒక చిన్న ఊరి ఆసుపత్రిలో ఉన్నాడు. ఇక్కడ సర్జన్ వేలు కదిపితే అక్కడ యంత్రపు చెయ్యి అదే క్షణంలో కదలాలి. రెండేళ్ళుగా అలాగే కదులుతోంది. ఆ రోజు మాత్రం అర సెకను ఆలస్యంగా కదిలింది. సర్జన్ చెయ్యి ఆగిపోయాక కూడా కత్తి ఇంకో రెండు మిల్లీమీటర్లు లోపలికి పోయింది.

ఆసుపత్రి వాళ్ళు ఇది సాంకేతిక లోపమని రాశారు. నెట్‌వర్క్ వాళ్ళు ఆ లోపం మాది కాదని రాశారు. పోలీసులు రెండు కాగితాలనీ ఒకే గుండుసూదికి గుచ్చి ఫైలు మూసేశారు. చేతులు దులుపుకోవడంలో మనవాళ్ళని మించినవాళ్ళు లేరు. దుబాసీ భార్య ఒక్కతే ఏ కాగితం మీదా సంతకం పెట్టలేదు. ఆపరేషన్ ఎన్ని గంటలకని ముందు రోజు ఎవరో ఫోన్ చేసి అడిగారని ఆమె మొత్తుకుంది. ఎవరూ వినలేదు.

దాన్ని హత్య అన్న మొదటి మనిషి లైన్‌మన్. ఆయన సీక్రెట్ సర్వీసులో టెక్నికల్ విభాగానికి అధిపతి. కుర్రతనంలో స్తంభాలెక్కి టెలిఫోన్ తీగలు బిగించాడు. తర్వాత చదువుకుని, ఇరవై ఏళ్ళు ట్రైనింగ్ సెంటర్‌లో నెట్‌వర్క్ ఇంజనీర్లకు పాఠాలు చెప్పాడు. హోదాలు మారాయి గానీ ఆ పాత పేరు మాత్రం ఆయన్ని వదల్లేదు. ఆయన ఒక గ్రాఫు తెచ్చి సర్వీస్ చీఫ్ బల్ల మీద పరిచాడు. చీఫ్‌ని అందరూ పెద్దాయన అంటారు. గ్రాఫులో ఆ రోజు లైను మీద పంపిన టెస్ట్ ప్యాకెట్ల లెక్క ఉంది. గీత కొలబద్ద పెట్టి గీసినట్టు తిన్నగా ఉంది.

“బాగానే ఉంది కదయ్యా,” అన్నాడు పెద్దాయన.

“అదేనండీ నా భయం. ముప్ఫై ఒక్క ఏళ్ళలో ఇంత శుభ్రమైన లైను నేను చూళ్ళేదు. నేల ఇంతలా మెరుస్తోందంటే ఎవరో ఇప్పుడే తుడిచి వెళ్ళారని అర్థం.”

ఇక్కడ ఒక్క నిమిషం ఆగి ఈ లైను సంగతి చెప్పుకోవాలి. పాత నెట్‌వర్క్ పోస్టుమాన్ లాంటిది. కవరు అందుకుంటుంది, తర్వాతి చేతికి అందిస్తుంది, లోపల ఏముందో దానికి అనవసరం. కొత్తది అలా కాదు. ఇందులో ప్రతి ప్యాకెట్‌తో పాటు ఒక చిన్న ప్రోగ్రామ్ కూడా ప్రయాణం చేస్తుంది. దాన్ని క్యాప్సూల్ అంటారు. దారిలో ఉన్న ప్రతి నోడ్, అంటే ప్రతి కూడలి, ఆ క్యాప్సూల్ చెప్పినట్టు నడుచుకుంటుంది. ఈ దారి రద్దీగా ఉంటే ఆ దారిన పంపు. అన్నీ మొయ్యలేకపోతే సర్జన్‌కి కనబడే బొమ్మలో రంగు తీసెయ్యి, అదీ చాలకపోతే బొమ్మే తీసెయ్యి, సర్జన్ చేతి కదలికను మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ ఆపకు. ఈ చివర నుంచి ఆ చివరదాకా ఇంత నమ్మకంగా మోస్తుంది కాబట్టే గుండె ఆపరేషన్లు దీనిమీద పెట్టారు. చెప్పిన మాట వినే కూడలి దొంగ చెప్పినా వింటుందన్న సంగతి ప్రారంభోత్సవం నాడు ఎవరి ఉపన్యాసంలోనూ రాలేదు.

లైన్‌మన్ అనుమానం ఇదీ. ఎవరో దొంగ క్యాప్సూల్ ఒకటి లైనులోకి వదిలారు. అది సర్జన్ చేతి ప్యాకెట్లను ఒక్కో కూడలిలో కాసేపు పట్టి ఉంచుతుంది. టెస్ట్ ప్యాకెట్ కనబడితే మాత్రం ఏమీ ఎరగని నంగనాచిలా తప్పుకుంటుంది. అందుకే తనిఖీలో దొరకదు. ఆ సాయంత్రమే ఆయన లైనుకి కాపలా పెట్టాడు. ఇకమీదట బయటి ప్రోగ్రామ్ ఏదీ లోపలికి రాదు. కొత్తది ఏది వెయ్యాలన్నా సర్వీస్ కంట్రోల్ రూమ్‌లో, ఆయన చేత్తోనే వెయ్యాలి.

శుక్రవారం పొద్దున పదింటికి పెద్దాయన ముంగిసని పిలిపించాడు.

ముంగిస సర్వీసులో పదిహేడేళ్ళుగా ఉన్నాడు. సన్నటి మనిషి, ఎంత ఇరుకు కన్నంలోనైనా దూరి వస్తాడని ఆ పేరు పెట్టారు. తూనికలు కొలతల శాఖలో ఇన్‌స్పెక్టర్ అని ఇంట్లో వాళ్ళ నమ్మకం. బ్రీఫింగ్ ఎప్పటిలాగే నిలబెట్టి మొదలుపెట్టాడు పెద్దాయన.

“నిన్న సాయంత్రం రేవులో ఒకణ్ణి కాల్చారు. చేతికర్రలో దాచిన తుపాకీ. చిన్న ఉక్కు గుండు. గుండె గోడలో ఇరుక్కుంది.”

“ఎవరండీ మనిషి?”

“ముందు కూర్చో.”

ముంగిస కూర్చోలేదు.

“మీ బావ,” అన్నాడు పెద్దాయన.

అప్పుడు కూర్చున్నాడు.

వాళ్ళ బావ రేవులో హెడ్ క్లర్కు. ఏ కంటెయినర్ నంబరైనా ఒక్కసారి చూస్తే చాలు, ఏడాది తర్వాత అడిగినా నిద్రలో కూడా చెప్పగలడు. నాలుగు నెలల క్రితం అక్క ఇంటికి భోజనానికి వెళ్ళిన ముంగిస, చేతులు కడుక్కునే చోట ఆయన్ని పక్కకి తీసి ఒక పని అప్పగించాడు. గడియారం అనే విదేశీ ముఠా రేవు గుండా మనుషుల్నీ సరుకునీ దాటిస్తోంది. ఆ కంటెయినర్ల నంబర్లూ, వాటికోసం వచ్చేవాళ్ళ మొహాలూ గుర్తుపెట్టుకోవాలి. కాగితం మీద ఒక్క అక్షరం పెట్టకూడదు. బావకి సరదా వేసింది. సరేనోయ్ బావమరిదీ, మీ అక్కకి మాత్రం చెప్పకు, నన్ను బతకనివ్వదు అన్నాడు. ఇప్పుడు ముఠా గుట్టంతా ఆ ఒక్క తలలోనే ఉంది, ఆ తలకి స్పృహ లేదు.

ఆయన్ని ఊరు కదిలించడానికి వీల్లేదు. సాయంత్రంలోగా గుండు తీయకపోతే లోపలికి జారి ప్రాణం తీస్తుంది. అలాంటి ఆపరేషన్ చేయగల సర్జన్ ఒక్కావిడే ఉంది, ఆవిడ రాజధానిలో ఉంది. రేవు ఊరు ఎనిమిది వందల కిలోమీటర్లు. మధ్యలో పద్నాలుగు కూడళ్ళు. ఒంటిగంటకి మొదలుపెట్టాలి.

“ఆ లైను మీదేనా?” అని అడిగాడు ముంగిస.

“వేరేది లేదు.”

పెద్దాయన ఒక చీటీ ముందుకి తోశాడు. అది నెమలి దగ్గర్నుంచి వచ్చింది. ఆమె ఈ లైనుకి క్యాప్సూల్‌లు రాసిన ఇంజనీర్లలో మొదటి మనిషి. మూడేళ్ళ క్రితం గడియారం ముఠా ఆమెని తమ మనిషిని చేసుకుంది. ఆ సంగతి ఆమే వచ్చి సర్వీసుకి చెప్పింది. అప్పట్నుంచి వాళ్ళకి మన కబుర్లూ, మనకి వాళ్ళ కబుర్లూ మోస్తోంది. ఎవరి మనిషో అడిగితే పెద్దాయన కూడా నీళ్ళు నమిలేవాడు. చీటీలో మూడే ముక్కలున్నాయి. ఇవాళ మళ్ళీ చేస్తారు. విరుగుడు నా దగ్గరుంది. ముంగిస చేతికే ఇస్తాను, పన్నెండూ పావు, సెంట్రల్ ఎక్స్ఛేంజి ఏడో అంతస్తు.

బయల్దేరబోతుంటే అక్క ఫోన్ చేసింది. ఆమె హైస్కూల్లో లెక్కల టీచరు, ఏ విషయమైనా వరసగా అడుగుతుంది. ఆయన్ని కాల్చాల్సిన అవసరం ఎవరికి ఉంటుంది అని మొదట అడిగింది. ఏనాడైనా ఒకరితో మాటా మాటా అనుకున్న మనిషా అని తర్వాత అడిగింది. చివరికి గొంతు తగ్గించి, “తమ్ముడూ, నీకేమైనా తెలుసారా?” అంది.

“తెలీదక్కా,” అన్నాడు ముంగిస.

అతను చాలా దేశాల్లో చాలామందికి అబద్ధాలు చెప్పాడు. ఎప్పుడూ చెమట పట్టలేదు. ఫోన్ పెట్టేశాక మాత్రం అరచేతులు రుమాలుతో తుడుచుకోవాల్సి వచ్చింది.

సెంట్రల్ ఎక్స్ఛేంజికి ఏసీ మెకానిక్ వేషంలో వెళ్ళాడు. నీలం ఓవరాల్స్, అంటించిన మీసం, భుజాన టూల్ బ్యాగు, చేతిలో గ్యాస్ సిలిండర్. చెవిలో వినికిడి యంత్రం పెట్టుకున్నాడు, అందులోంచి లైన్‌మన్ మాట్లాడతాడు, ఇతని మాటా వింటాడు. గేటు దగ్గర గార్డు బ్యాగులోని పానాలన్నీ తీయించి లెక్కపెట్టాడు గానీ మీసం వంక చూడలేదు.

ఏడో అంతస్తు మీటింగ్ గదిలో నెమలి ఒక్కతే కూర్చుని ఉంది. నలభై దాటిన మనిషి, నెమలికంఠం రంగు పట్టు కోటు వేసుకుంది. ఆమె లిఫ్ట్ ఎక్కితే మిగతావాళ్ళు తమ అంతస్తు మర్చిపోతారని ఆ బిల్డింగ్‌లో చెప్పుకుంటారు. కిటికీ బయట మబ్బు దట్టంగా ఉంది, మధ్యాహ్నమే లైట్లు వేశారు.

“ఈ గదిలో చలి ఎక్కువగా ఉంది,” అంది.

“చలి కాదు మేడమ్, తలుపు సరిగ్గా పడట్లేదు.”

“ఎప్పటికి బాగవుతుంది?”

“వాన వెలిశాక.”

ఈ కోడ్ మాటలు రాసిన గుమాస్తా జన్మలో ఏసీ బాగుచేయించిన మనిషి కాదు. అయినా లెక్క కుదిరింది. ముంగిస నిచ్చెన వేసి, పైకప్పు పలకలు విప్పుతున్నట్టు నటిస్తూ విన్నాడు. ఆమె కంప్యూటర్ వంకే చూస్తూ చెప్పింది. దొంగ క్యాప్సూల్ రాసింది తనేనంది. ముఠా వాళ్ళు పక్కన కూర్చుని రాయించారంది. అది ఇప్పటికే కూడళ్ళలో నిద్రపోతోందనీ, తన విరుగుడు ప్రోగ్రామ్ వెళితే తప్ప చావదనీ చెప్పింది. లిప్‌స్టిక్ గొట్టం అడుగున దాచిన చిప్పు తీసి నిచ్చెన మెట్టు మీద పెట్టింది.

“మరి దుబాసీ?” అని అడిగాడు ముంగిస.

“అది ట్రయల్.” ఆమె గొంతులో ఏ మార్పూ లేదు.

ఆ క్షణాన మెట్టు దిగి ఆమె మొహం సూటిగా చూసి ఉంటే ఈ కథ ఇంకోలా ఉండేది. కానీ చేతి వాచీ పన్నెండు నలభై చూపిస్తోంది, కళ్ళముందు బావ తప్ప ఇంకేమీ లేదు. చిప్పుని టెస్టర్‌లో పెట్టి లైన్‌మన్‌కి పంపాడు. ఆ టెస్టర్ కరెంటు కొలిచే మీటరులాగే ఉంటుంది, కానీ గోడ వెనక నుంచి కూడా ఉత్తరం పంపగలదు.

లైన్‌మన్ దాన్ని పక్కనున్న ఖాళీ నోడ్ మీద వేసి చూశాడు. కొత్త మందు ఏదైనా ముందు ఖాళీ కూడలికే పట్టాలన్నది ఆయన నియమం. పది నిమిషాలు చూశాడు. అంతా సవ్యంగానే ఉంది. అయినా ఆయనకి మనసొప్పలేదు.

“సీలు వేసిన ప్రోగ్రామయ్యా ఇది, లోపల ఏముందో చదవలేకపోతున్నా. టెస్టులో మరీ బుద్ధిగా ఉంది. ఇంకో గంట చూడనీ.”

“గంట ఎక్కడుందండీ, వాళ్ళు ఛాతీ తెరవబోతున్నారు. వేసెయ్యండి.”

“అది కాదు...”

“మా బావ అక్కడున్నాడు. వేసెయ్యండి.”

ఒంటిగంటకి ఐదు నిమిషాల ముందు లైన్‌మన్ తన చేత్తో దాన్ని లైనులో వేశాడు. ముఠాకి కావలసింది కూడా సరిగ్గా అదే. మంగళవారం తర్వాత కాపలా పడింది కాబట్టి వాళ్ళకి లోపలినుంచి తలుపు తీసేవాడు కావాలి. విరుగుడు పేరుతో దొంగ క్యాప్సూల్ ఇచ్చి, నెమలి ఆ తలుపు లైన్‌మన్ చేతే తీయించింది.

ఒంటిగంటా ముప్ఫై ఒకటికి రాజధానిలో సర్జన్ గుండు మీద పట్టకారు బిగించింది. అప్పటిదాకా ఎనభై మిల్లీసెకన్లున్న ఆలస్యం ఒక్కసారిగా నాలుగు వందల ఎనభైకి ఎగిరింది. ఆవిడ అనుభవమున్న మనిషి కాబట్టి చెయ్యి బిగబట్టి ఆగిపోయింది. ముందుకి పోవడానికి లేదు, వెనక్కి లాగడానికి లేదు, ఏం చేసినా అర సెకను తర్వాత గుండె చీలుతుంది. అక్కడున్న డ్యూటీ డాక్టరు ఈ పట్టు తనవల్ల కాదన్నాడు. గాయం దగ్గర నెత్తురు ఊరుతోంది. ఇంకా ఆరు నిమిషాలే ఆగగలనని సర్జన్ మైకులో చెప్పింది.

ఈ మాట ముంగిస చెవిలో పడేసరికి నెమలి గదిలో లేదు. కుర్చీ మీద ఆమె సెంటు వాసన మాత్రం ఉంది. నిచ్చెన కింద నిలబడి అతను తన చేతులు చూసుకున్నాడు. బావని ఈ పనిలోకి దింపింది తనే. ఇప్పుడు తొందరపెట్టి విషం ఎక్కించిందీ తనే. ముఠా చేసింది తక్కువ.

“క్యాప్సూల్‌ని తీసెయ్యలేమా?” అని అడిగాడు.

లైన్‌మన్ లేదన్నాడు. పద్నాలుగు కూడళ్ళూ ఆపి మొదలుపెట్టాలి, ఒక్కోదానికీ ఇరవై నిమిషాలు. పైగా ఆపితే ఆపరేషన్ లైను కూడా పోతుంది. అంతలోనే ముసలాయన గొంతు మారింది.

“నెమలి నా స్టూడెంటయ్యా. నా క్లాసులో మొదటిరోజు అందరిచేతా ఒక్కటే రాయించేవాణ్ణి. రోడ్డు నీ అబ్బ సొత్తు కాదు. జనం ఎక్కువైతే ముందు నువ్వు పక్కకి తప్పుకో, అని. దాన్ని ప్రోగ్రామ్‌లో రాయకపోతే సున్నా మార్కులు. మిగతావాళ్ళు పరీక్ష కోసం రాశారు. ఈ అమ్మాయి ఆ తర్వాత ప్రతిదాంట్లోనూ రాసింది. రెండేళ్ళుగా ఈ లైను ఇంత బాగా నడుస్తోందంటే అందుకే.”

“హత్య చేసే ప్రోగ్రామ్‌లో కూడా రాసుంటుందా?”

“సీలు విప్పకుండా ఎలా చెప్పను? కానీ పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదంటారు. దేశాన్నైనా వదిలేస్తుందేమో గానీ, ఆ అలవాటు దాని చేతిని వదలదు.”

అంటే లైనులో జనం కిక్కిరిస్తే క్యాప్సూల్ మర్యాదగా పక్కకి తప్పుకుంటుంది. టెస్ట్ ట్రాఫిక్ పనికిరాదు, దాన్ని అది గుర్తుపడుతుంది. నిజం మనుషుల నిజం మాటలు కావాలి. ఎక్స్ఛేంజిలోంచి పుట్టిన కాల్స్ అన్నీ ఆ పద్నాలుగు కూడళ్ళ మీదుగా తిప్పడం లైన్‌మన్ చేతిలో పని. ప్రమాదం కూడా అక్కడే ఉంది. ఆయన లెక్క తప్పితే, ఆపరేషన్ కూడా ఆ రద్దీలోనే ఊపిరాడక ఆగిపోతుంది. పెద్దాయన లైనులోకి వచ్చి, ఆర్డర్ నేనివ్వగలను గానీ బల్ల మీదున్నది మీ బావ, నువ్వు చెప్పు అన్నాడు.

ముంగిసకి అక్క గుర్తొచ్చింది. ఆసుపత్రి వరండాలో ఎక్కడో బెంచీ మీద కూర్చుని తలుపు వంక చూస్తుంటుంది.

“చెయ్యండి,” అని సిలిండర్ చంకన పెట్టుకుని మెట్ల మీద కిందికి పరుగెత్తాడు.

రెండో అంతస్తులో వినియోగదారుల ఫిర్యాదుల హాలుంది. ఆరు వందల సీట్లు, ప్రతి సీటు ముందూ ఒక స్క్రీను, ఒక కెమెరా. పొద్దస్తమానం జనం తిట్లు వినడమే వాళ్ళ ఉద్యోగం. డ్యూటీలో సొంత కాల్ చేస్తే మెమో ఇస్తారు, మూడు మెమోలైతే ఇంటికే. హాలు చివర అద్దాల క్యాబిన్‌లో సూపర్‌వైజరమ్మ ఉంటుంది, ఆమె కన్నుగప్పి ఎవరూ దగ్గరు కూడా.

ముంగిస క్యాబిన్‌లోకి దూరి ఆమె ముందున్న మైకు లాక్కున్నాడు. పది నిమిషాలపాటు అందరూ ఇంటికి వీడియో కాల్ చేసుకోవచ్చని ప్రకటించాడు. ఆరు వందల తలలు పైకి లేచాయి. ఒక్క చెయ్యి కదల్లేదు. రాతపూర్వకంగా ఇస్తారా అని వెనక వరసలో ఎవరో నెమ్మదిగా అడిగారు. అతను ఏసీ మెకానిక్కే, ఎవరూ వినకండి అని సూపర్‌వైజరమ్మ గట్టిగా చెప్పింది, సెక్యూరిటీ బెల్లు మీద చెయ్యి పెట్టింది.

ఇంకా మూడు నిమిషాలే అని చెవిలో లైన్‌మన్ చెప్పాడు.

పదిహేడేళ్ళలో ముంగిస ఎన్ని కట్టుకథలు అల్లాడో అతనికే లెక్క లేదు. ఆ క్షణాన ఒక్కటీ నోటికి రాలేదు. మీసం పీకేశాడు.

“ఒక మనిషికి ఇప్పుడు గుండె ఆపరేషన్ జరుగుతోంది,” అన్నాడు మైకులో. “ఛాతీ తెరిచి ఉంది. మా అక్క మొగుడు. ఈ లైన్లు మీ మాటలతో నిండితేనే బతుకుతాడు. ఎలాగో చెప్పే టైము లేదు. దణ్ణం పెడతాను, ఎవరో ఒకరికి ఫోన్ చెయ్యండి.”

సూపర్‌వైజరమ్మ అతని మొహం వంక చూసింది. ముప్ఫై ఏళ్ళుగా సాకులు వింటున్న మనిషి, ఏది సాకో ఏది కాదో ఆమెకి తెలుసు. బెల్లు మీంచి చెయ్యి తీసింది. తన స్క్రీను మీద ఒక నంబరు కొట్టింది. అవతల తెల్లజుట్టు ముసలావిడ కనబడి, ఏమ్మా ఈ వేళప్పుడు చేశావు, ఉద్యోగం గానీ పోయిందా అని అడిగింది. సూపర్‌వైజరమ్మ క్యాబిన్ తలుపు తెరిచి, హాలు వైపు తిరిగి, “ఇంకా చూస్తారేంటి?” అంది.

అంతే. హాలంతా ఒక్కసారిగా మాటల్లో మునిగిపోయింది. ఒకడు తల్లికి చేశాడు. ఒకామె ఆర్నెల్లుగా మాట్లాడని తోడికోడలికి చేసింది. పక్క సీటువాడు వాళ్ళ మావయ్యని లేపి, ఏం లేదు మావయ్యా, ఊరికే అన్నాడు. ఊరికే చెయ్యడమేంట్రా అని ఆయన అటునుంచి కేకలు వేశాడు.

ముంగిసకి అవేమీ వినబడటం లేదు. చెవిలో లైన్‌మన్ చెప్పే అంకెలు తప్ప వేరే లోకం లేదు. నాలుగు వందల ఎనభై. నాలుగు వందల ఎనభై. సర్జన్ స్క్రీనులో రంగు పోయింది. బొమ్మ బూడిద రంగులో వణుకుతోంది. నాలుగు వందల ఎనభై. ఇప్పుడు బొమ్మ పూర్తిగా పోయింది. ఆవిడ చీకట్లో పట్టకారు పట్టుకుని కూర్చుంది. మిగిలింది ఒకటిన్నర నిమిషం. ఇంకా జనం కావాలి, అంటున్నాడు లైన్‌మన్.

“మైకు కింద పెట్టు.”

క్యాబిన్ గుమ్మంలో నెమలి నిలబడి ఉంది. చేతిలో లిప్‌స్టిక్ గొట్టం, దాని చివర సన్నటి కన్నం ముంగిస గుండెకి గురిపెట్టి ఉంది. హాలులో ఎవరూ ఇటు చూడటం లేదు, అందరూ ఇళ్ళతో మాట్లాడుతున్నారు. ఆమె మొహంలో కోపం లేదు. ఏం జరుగుతోందో అర్థంకాని చిరాకు మాత్రం ఉంది.

“ఈ సంత ఎందుకు పెట్టావు?” అని అడిగింది.

“జనం ఎక్కువైతే నీది పక్కకి తప్పుకుంటుందని మీ మాస్టారు చెప్పారు.”

ఆమె పెదవులు కదిలాయి. తను రాసిన వరసలన్నీ కళ్ళు మూసుకోకుండానే చదువుకుంటున్నట్టు ఆమె చూపు ఎక్కడికో పోయింది. ఒక్క సెకను, అంతకంటే ఎక్కువ కాదు. ముంగిసకి అది చాలు. సిలిండర్ గొట్టం ఆమె చేతి వైపు తిప్పి వాల్వు విప్పాడు. గ్యాసు తెల్లటి పొగై చిమ్మింది. ఆమె వేళ్ళు కొయ్యబారిపోయాయి. పేలిన గుండు పైకప్పు పలకలో దిగబడింది. సూపర్‌వైజరమ్మ కుర్చీలోంచి లేవకుండానే కిందపడిన గొట్టాన్ని కాలితో బల్ల కిందికి తోసేసి, ఏం లేదమ్మా, ఇక్కడ ఏసీ బాగుచేస్తున్నారు అని తల్లితో చెప్పింది.

“నాలుగు వందల పది,” అన్నాడు లైన్‌మన్.

నెమలి గోడకి ఆనుకుని చెయ్యి పట్టుకుని నిలబడింది. ముంగిస ఆమె రెండో మణికట్టు గట్టిగా పట్టుకున్నాడు. ఇద్దరూ ఒకే అంకె కోసం ఎదురుచూస్తున్నారు.

“మూడు వందలు. తప్పుకుంటోందయ్యా. రెండు వందల ఇరవై. ఒక్కో కూడలీ వదిలేస్తోంది. తొంభై. ఎనభై.”

తర్వాత సర్జన్ గొంతు వినబడింది. ఆవిడకి ఇంకా బొమ్మ రాలేదు. చేతికి తగిలే బరువునిబట్టే లాగుతున్నానని చెప్పింది. ఎనిమిది వందల కిలోమీటర్ల అవతల ఇనపచెయ్యి ఆవిడ చెయ్యి కదిలినప్పుడే కదిలింది, ఆగినప్పుడే ఆగింది. ఒక స్టీలు గిన్నెలో ఏదో చిన్నది పడిన చప్పుడైంది. ఆవిడ చెప్పిన ఆరు నిమిషాల్లో ఇంకా తొమ్మిది సెకన్లు మిగిలి ఉన్నాయి.

పేలుడు విని పరిగెత్తుకొచ్చిన గార్డులు నెమలిని పట్టుకున్నాక ముంగిస ఆమె మణికట్టు వదిలాడు. సూపర్‌వైజరమ్మ తన కుర్చీ అతని వైపు జరిపింది. అతను కూర్చుని, రెండు చేతుల్లో మొహం దాచుకుని, సిగ్గుపడకుండా ఏడ్చాడు.

సర్వీసు మనుషులు వచ్చి నెమలిని తీసుకెళ్ళేటప్పుడు ఆమె గుమ్మం దగ్గర ఆగింది. ఆ వరస ఎప్పుడు రాశానో నాకే గుర్తులేదు అంది. తనలో తను అనుకున్నట్టు అంది.

ఆదివారం మధ్యాహ్నానికి బావకి తెలివొచ్చింది. పెద్దాయన స్వయంగా స్టెనోని తీసుకుని రేవు ఊరి ఆసుపత్రికి వచ్చాడు. బావ కళ్ళు మూసుకుని ముప్ఫై నాలుగు కంటెయినర్ నంబర్లూ, పదకొండు మొహాల ఆనవాళ్ళూ చెప్పాడు. మధ్యలో ఒకసారి ఆగి మంచినీళ్ళు అడిగాడు. సాయంత్రంలోగా రేవులో పదకొండు మందీ దొరికారు. గడియారం ముఠా ఈ తీరాన ఇక తిరగలేదని పెద్దాయన లెక్క.

ముంగిస వరండాలో అక్క పక్కన బెంచీ మీద కూర్చున్నాడు. తన అసలు ఉద్యోగం ఏమిటో మొదట చెప్పాడు. తర్వాత ఆ భోజనం రోజున చేతులు కడుక్కునే చోట ఏం అప్పగించాడో చెప్పాడు. ఫోన్‌లో అబద్ధమాడానని చెప్పాడు. తొందరపెట్టి విషం ఎక్కించిన సంగతి కూడా దాచలేదు. అక్క మధ్యలో ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. అందుకే అతనికి ఇంకా ఎక్కువ భయం వేసింది. చెప్పడం అయ్యాక ఆమె చేతిలో ఉన్న మందుల చీటీని మడతలు పెట్టింది.

“ఆయన ఒప్పుకున్నాడు కాబట్టి సగం తప్పు ఆయనది,” అంది చివరికి. “ఆ సగం నేను ఇంటికెళ్ళాక చూసుకుంటాను. నీ సగం ఉంది చూశావూ, దానికి నిన్ను నేను ఇప్పుడే క్షమించలేను తమ్ముడూ. ఎప్పుడు క్షమిస్తానో కూడా తెలీదు. మళ్ళీ ఎప్పుడైనా దేశాన్ని కాపాడాలనిపిస్తే నీ ప్రాణం పెట్టి కాపాడుకో. నా మొగుడి జోలికి రాకు.”

చేతికర్ర తుపాకీలకీ, లిప్‌స్టిక్ పిస్తోళ్ళకీ ఎదురు నిలిచిన ముంగిస తల వంచుకుని, సరే అక్కా అన్నాడు. ఆమె మందుల చీటీ అతని చేతిలో పెట్టి, కింద దుకాణం మూసేలోగా ఇవి పట్టుకురా అని పంపించింది.